మెదడు పొరలో గడ్డ – తీసినదీ, ఉంచినదీ

మన సావనీరుకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని యూనియన్ వారు క్లాసులోకి వచ్చి అడిగినప్పుడు మావాళ్ళందరూ కలిసి నా వైపు చూపించారు. మొదట చంద్రయానం మీద రాద్దామనుకున్నాను. కాని ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఫిజిక్సు గ్రూపులో పదిమంది ఉన్నారు. నాకు తెలిసింది వేరే ఉంది. రెండేళ్ళుగా నేను మా నాన్నతో ఒక వాదన పెట్టుకుని ఉన్నాను. మెదడు పొరలో పుట్టిన గడ్డను డాక్టరు పూర్తిగా తీయకుండా, కొంచెం ఉంచి కుట్లు వేయడం తప్పా ఒప్పా అన్నదే ఆ వాదన. నేను డాక్టరును కాను, బి.యస్సీ. మూడవ సంవత్సరం బి.జడ్.సి. విద్యార్థినిని. అయినా ఆ వాదనలో గెలవాలని లైబ్రరీలో చదివిందీ, మా జువాలజీ మేడం గారిని విసిగించి తెలుసుకున్నదీ ఇక్కడ పెడుతున్నాను. తప్పులుంటే మెడికల్ కాలేజీ మిత్రులు క్షమించాలి.

ముందు మనిషి సంగతి చెప్పి తర్వాత శాస్త్రంలోకి వెళతాను.

మా పెద్దత్త మా నాన్నకు అక్క. మాది పల్నాడు, సాగర్ కాలువ కింద వ్యవసాయం, వరి కొంత, మిర్చి ఎక్కువ. పెద్దత్త నెత్తిన కూడు గంప పెట్టుకుని చెయ్యి పట్టకుండా జానెడు గట్టు మీద పరుగులాంటి నడక నడిచేది. ఆమెకు యాభై దాటాక ఎడమ దవడలో పోటు మొదలైంది. చల్లనీళ్ళు తగిలినా, ఎదురుగాలి కొట్టినా కరెంటు షాకు కొట్టినట్లుండేదట. పన్నుపోటు అన్నారు. ఒక పన్ను పీకించారు. తగ్గలేదు. పక్కనున్న రెండో పన్నూ పీకించారు. అప్పటికీ తగ్గలేదు. ఈలోగా ఎవరూ గమనించని సంగతి ఒకటి జరిగింది. ఫోను వస్తే ఎప్పుడూ ఎడమ చెవికి పెట్టుకునే మనిషి కుడి చెవికి మార్చుకుంది. అడిగితే, 'ఏమో పిల్లా, ఇటువైపు సరిగ్గా వినపడట్లా' అంది. ఆ తర్వాత గట్టు మీద కాలు జారడం మొదలైంది. ఒకసారి గంపతో సహా మళ్ళో పడింది. గాలి సోకిందని తాయెత్తు కట్టినవాళ్ళున్నారు, బి.పి. అని మాత్రలు ఇచ్చినవాళ్ళున్నారు. చివరికి ఒక వస్తువు రెండుగా కనపడుతోందని ఆమే చెప్పినప్పుడు పట్నం తీసుకుపోయి ఎం.ఆర్.ఐ. తీయించారు. నాలుగు సెంటీమీటర్ల గడ్డ, పెద్ద నిమ్మకాయంత.

డాక్టరు గారు, 'ఇది క్యాన్సరు కాదు, మెనింజియోమా అంటారు, నిదానంగా పెరిగే గడ్డ' అన్నారు. నాన్న అక్కడికక్కడే కోటప్పకొండకు మొక్కుకున్నాడు. ఆ వెంటనే డాక్టరు గారు, 'గడ్డ మంచిదేనండీ, అది పుట్టిన చోటే మంచిది కాదు' అన్నారు. ఆ రెండో మాట మావాళ్ళెవరి చెవికీ ఎక్కలేదు. ఈ వ్యాసమంతా ఆ రెండో మాట గురించే.

మెదడుకు మూడు పొరలుంటాయని మనం ఇంటర్‌లో చదువుకున్నాం. తెలుగు మీడియం వాళ్ళకు పేర్లు గుర్తుండాలి: వరాశిక, లౌతికళ, మృద్వి. ఎముకకు ఆనుకుని బయట ఉండేది వరాశిక. ఇంగ్లీషులో డ్యూరా అంటారు. తోలులాగా దళసరిగా ఉంటుంది. మధ్యది లౌతికళ. లూత అంటే సాలెపురుగు కదా, సాలెగూడులాంటి పోగులుంటాయి కనుక ఆ పేరు. లోపలిది మృద్వి. మెదడు మడతల్లోకి కూడా దిగి, తడిగుడ్డలాగా మెదడునే అంటిపెట్టుకుని ఉంటుంది. లౌతికళకూ మృద్వికీ మధ్య మస్తిష్కమేరు ద్రవం పారుతుంది. ఈ వరుస మరిచిపోవద్దు, ఆపరేషను దగ్గరికి వచ్చినప్పుడు ప్రాణం ఈ వరుస మీదే ఆధారపడి ఉంటుంది.

వరాశిక మెదడు చుట్టూ సంచిలా ఉండి ఊరుకోదు. లోపలికి మడతలు పెడుతుంది. మెదడు రెండు అర్ధభాగాల మధ్యకు నిలువుగా దిగే మడతను ఫాల్క్స్ అంటారు. లాటిను భాషలో ఆ మాటకు కొడవలి అని అర్థమట. బొమ్మ చూశాను, నిజంగా మన వరికోత కొడవలిలాగానే వంపు తిరిగి ఉంది. పెద్ద మెదడుకూ వెనకనున్న చిన్న మెదడుకూ మధ్య అడ్డంగా పరిచిన మడత టెంటోరియం, అంటే గుడారం. కాబట్టి పొర అంటే పైన మాత్రమే ఉండేది అనుకోకూడదు. కపాలం నట్టనడిమిలో, అడుగున, చెవి ఎముక వెనక, కంటి గూడు వెనక, అన్నిచోట్లా పొర ఉంది. పొర ఉన్న ప్రతిచోటా ఈ గడ్డ పుట్టవచ్చు.

గడ్డ పుట్టేది లౌతికళ కణాల నుంచి. ఆ కణాలు వరాశికలోకి చొచ్చుకుని ఉండే చోట్ల మొదలై వరాశికకు వేళ్ళూనుకుంటుంది. మెనింజియోమా అన్న పేరు పెట్టింది అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్, 1922లో. మెదడులోనూ దాని చుట్టూనూ మొదలయ్యే గడ్డలలో మూడో వంతుకు పైగా ఇవే. ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే సుమారు రెండింతలు కనపడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని మూడు గ్రేడులుగా విభజించింది. దాదాపు నూటికి ఎనభై మొదటి గ్రేడు, అంటే నెమ్మదైన రకం. చాలామందికి గడ్డ ఉన్నట్లు తెలియనే తెలియదు. హాలెండులోని రోటర్‌డామ్‌లో రెండువేల మంది మామూలు మనుషులకు ఎం.ఆర్.ఐ. తీసి 2007లో ప్రకటించిన లెక్కలో నూటికి సుమారు ఒకరి తలలో మెనింజియోమా ఉంది. వాళ్ళెవరూ దాని కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు కారు.

ఎందుకు పుడుతుంది? చాలామంది విషయంలో కారణం చెప్పలేరు. కొన్ని సంగతులు మాత్రం తేలాయి. 22వ క్రోమోజోము మీద ఎన్.ఎఫ్. 2 అనే జన్యువు ఉంది. సగం గడ్డలలో అది చెడిపోయి ఉంటుంది. చిన్నతనంలో తలకు రేడియేషను ఇచ్చినవాళ్ళలో ఎక్కువ వస్తుంది. ఇజ్రాయెల్‌లో 1950ల నాటికి తల తామర వచ్చిన వేలమంది పిల్లలకు ఎక్స్‌రే చికిత్స చేశారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మెనింజియోమాలు బాగా ఎక్కువగా కనపడ్డాయి. కొన్ని హార్మోను మందులను ఏళ్ళ తరబడి వాడినవారిలోనూ పెరుగుతోందని 2024లో ఫ్రాన్సు నుంచి ఒక పెద్ద పరిశీలన వచ్చింది. మా పెద్దత్తకు ఇవేవీ లేవు. సెల్ టవరు వల్లనే అని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. దానికి ఆధారమేదీ నాకు దొరకలేదు.

ఇప్పుడు మంచి గడ్డ చెడ్డచోట పుట్టడమంటే ఏమిటో చెబుతాను. క్యాన్సరు కాని గడ్డ పొట్టలో ఉంటే, చోటు ఉంటుంది కనుక పుచ్చకాయంత పెరిగినా మనిషి తిరుగుతూనే ఉంటాడు. కపాలం అలా కాదు, మూత బిగించిన ఇత్తడి డబ్బా. అందులో గడ్డ పెరిగిందంటే మెదడు ఒత్తుకుపోవాల్సిందే. అయితే గడ్డ నడినెత్తి కింద పైపొరలో ఉంటే పని తేలిక. పైన ఎముక కిటికీలాగా కోసి, గడ్డనూ, అది పట్టుకున్న పొరనూ చుట్టూ కాస్త మార్జిను పెట్టి కత్తిరించి, పొరకు మాసిక వేసి, ఎముక తిరిగి బిగిస్తారు. మా పొలంలో పిలకను మట్టిగడ్డతో సహా లేపి పక్కన పెట్టినట్లే.

పెద్దత్త గడ్డ అలాంటి చోట లేదు. చెవి లోపలి భాగాలను దాచిపెట్టుకున్న గట్టి ఎముకను పెట్రస్ ఎముక అంటారు. పెట్రస్ అంటే రాయిలాంటిది. కపాలం అడుగున మధ్యలో, వెన్నుపాము దిగే రంధ్రం వైపుకు ఏటవాలుగా జారే ఎముక క్లైవస్. ఈ రెండూ కలిసే అతుకు దగ్గర పొరలో గడ్డ పుట్టింది. దానికి ముందు రాయిలాంటి ఎముక, వెనక మెదడు కాండం. ఊపిరి, గుండె, మెలకువ, కాళ్ళూ చేతులకు పోయే తీగలన్నీ బొటనవేలు లావు ఉన్న ఆ కాండం గుండా పోవాలి. దాని మీదుగా బాసిలార్ అనే ధమని. ఆ ధమని నుంచి వెంట్రుకల్లాంటి సన్న కొమ్మలు కాండంలోకి దూరుతాయి. ఇక చుట్టుపక్కల కపాల నాడులు. అయిదవ నాడి నలిగింది కనుకనే దవడ పోటు. పళ్ళు రెండూ ఏ పాపమూ ఎరగవు. ఆరవది నలిగి కన్ను బయటికి తిరగక ఒక వస్తువు రెండయింది. ఎనిమిదవది నలిగి చెవి పోయింది. చిన్న మెదడు మీదా కాండం మీదా ఒత్తిడి పడి గట్టు మీద కాలు జారింది. పరీక్షలో పన్నెండు నాడుల పేర్లూ బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. మా ఇంట్లో మనిషి వాటిని ఒక్కొక్కటిగా చూపిస్తుంటే పోల్చుకోలేకపోయాను.

1970కి ముందు ఈ చోట గడ్డకు ఆపరేషను చేయడానికి పెద్దపెద్దవాళ్ళే జంకేవారు. చేయించుకున్న కొద్దిమందిలో సగానికి పైగా చనిపోయేవారు. పూర్తిగా తీయగలిగిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అంతకుముందు పైన ఉన్న గడ్డలను తీయడం మాత్రం చాలా తొందరగానే మొదలైంది. గ్లాస్గోలో విలియం మెకీవెన్ 1879లో ఒక పద్నాలుగేళ్ళ పిల్లకు తీశాడు. ఆమె ఎనిమిదేళ్ళు బతికింది. తర్వాత మూత్రపిండాల జబ్బుతో పోయింది. రోములో ఫ్రాంచెస్కో దురాంతే 1885లో ముక్కు పైభాగాన కపాలం అడుగున ఉన్న గడ్డను తీశాడు. స్కాను లేని రోజులు. గడ్డ ఎక్కడుందో మనిషి లక్షణాలను బట్టి ఊహించి ఎముక తెరవడమే. నాకు దీన్ని మించిన ధైర్యం కనపడదు, ఆ రోగుల ధైర్యం కూడా కలిపే అంటున్నాను.

కుషింగ్ చేతిలోని ఒక కథ నాన్నకు చెబితే తనకే ఉపయోగపడిందన్నాడు. లియొనార్డ్ వుడ్ అని అమెరికా సేనాని ఉండేవాడు. అతని తల పైభాగాన ఉన్న మెనింజియోమాను 1910లో కుషింగ్ తీశాడు. వుడ్ కోలుకుని పెద్ద పదవులు చేశాడు, ఫిలిప్పీన్స్‌కు గవర్నరు జనరల్ అయ్యాడు. పదిహేడేళ్ళలో గడ్డ మళ్ళీ పెరిగింది. 1927లో మళ్ళీ ఆపరేషను చేయగా నెత్తురు ఎక్కువపోయి మరణించాడు. 'చూశావా, వేరు మిగిల్చితే ఏమయిందో' అన్నాడు నాన్న. ఇక్కడ మా ఆడపిల్లల కోసం ఒక మాట. కుషింగ్ 1938లో మెనింజియోమాల మీద వెలువరించిన పెద్ద గ్రంథానికి తోడు రచయిత్రి లూయిస్ ఐసెన్‌హార్ట్. ఆయన తీసిన ప్రతి గడ్డనూ సూక్ష్మదర్శిని కింద చూసి, రోగులు తర్వాత ఎలా ఉన్నారో ఏళ్ళ తరబడి రాసిపెట్టింది ఆమె. తీసిన తర్వాత ఎన్నాళ్ళకు తిరిగి వస్తుందన్నది ఇలాంటి చిట్టాల వల్లనే తెలిసింది. ఆమె పేరు మన పాఠాలలో ఎక్కడా లేదు.

మన వైపు సంగతి కూడా కొంచెం చెప్పాలి. దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని వెల్లూరు సి.యం.సి.లో జేకబ్ చాందీ 1949లో మొదలుపెట్టారు. మరుసటి ఏడు మద్రాసులో బి. రామమూర్తి గారు ప్రారంభించారు. ఆయన దగ్గర తయారైన టి.యస్. కనక గారు ఆసియాలోనే తొలి మహిళా న్యూరోసర్జన్లలో ఒకరు. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ తలలో జబ్బంటే 'వెల్లూరు పోవాలేమో' అనడం ఆ రోజుల నుంచి వచ్చిందే కాబోలు.

పనిముట్లు ఒక్కొక్కటీ వచ్చి ఈ పనిని మార్చాయి. నెత్తురు ఆపడానికి కరెంటు కత్తిని కుషింగ్ 1926లో బోవీ అనే భౌతికశాస్త్రవేత్త సాయంతో వాడాడు. నెత్తురు ధారగా పోతోందని అంతకుముందు మధ్యలో ఆపేసిన గడ్డను దానితో తీయగలిగాడు. లండనులో 1971లో మొదటి రోగికి సి.టి. స్కాను తీశారు. దాని సృష్టికర్తల్లో ఒకడైన హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ వచ్చింది. ఆపరేషను మైక్రోస్కోపును జూరిచ్‌లో యాసర్గిల్ 1960ల చివర నుంచి మెదడు శస్త్రచికిత్సలో నిత్యం వాడి చూపించాడు. ఈ మూడూ లేకుండా పెద్దత్త ఆపరేషను లేదు.

నాలుగవది పనిముట్టు కాదు, దారి. లోపలి గడ్డను చేరాలంటే మెదడును పక్కకు తోసి పోవడం పాత పద్ధతి. తోసినకొద్దీ మెదడు వాచి, గడ్డ బయటికి వచ్చినా మనిషి లేవడు. కొత్త పద్ధతిలో మెదడును తోయరు, ఎముకను తొలుస్తారు. జపానులో తకేషి కవాసే 1985లో పెట్రస్ ఎముక ముందుభాగం తొలిచి దారి చూపాడు. అమెరికాలో ఒస్సామా అల్-మెఫ్టీ, తోటి వైద్యులతో కలిసి, ఎముక వెనకభాగం తొలిచి పోయే పద్ధతిని పదమూడుమంది రోగులలో వాడి 1988లో ప్రకటించాడు. చెవి వెనక కిటికీ తెరిచి చిన్న మెదడు పక్కనుంచి పోవడం ఇంకొక దారి. పెద్దత్తకు వేసింది ఇదే. ఏ దారైనా నీళ్ళు పోస్తూ, మొనలో వజ్రపు పొడి ఉన్న చిన్న డ్రిల్లుతో నూరుకుంటూ పోవాలి. నీళ్ళు పోయకపోతే ఆ వేడికే పక్కనున్న నాడి చచ్చిపోతుంది.

దారి తెరిచాక చేసే పని నాకు బాగా నచ్చిన భాగం. నాన్నకు దీన్ని బావి పక్కనున్న చింతమొద్దుతో పోల్చి చెప్పాను. మొద్దును గునపంతో ఒక్కసారి పెకలిస్తే బావి ఒర కూలుతుంది. అందుకని ముందు దానికి నీరందే వేళ్ళు నరకాలి. గడ్డకు నెత్తురు పొర వైపు నుంచి వస్తుంది. అందువల్ల మొదట గడ్డ పొరను పట్టుకున్న చోట కాల్చి, నెత్తురు దారి మూస్తారు. ఇక గడ్డ పాలిపోయి మెత్తబడుతుంది. రెండవది, మొద్దును లోపలినుంచి తొలిచి డొల్ల చేయాలి. గడ్డ మధ్యలోకి పోయి, శబ్దతరంగాల కంపనంతో ముక్కలు చేసి పీల్చేసే గొట్టంతో గుజ్జంతా తీసేస్తారు. అప్పటికి ముంజె తిన్నాక మిగిలిన తొక్కలాగా పైపెచ్చు మిగులుతుంది. మూడవది, ఆ పెచ్చును నాడుల నుంచి, ధమని నుంచి, కాండం నుంచి ఎడంగా లోపలికి ముడుచుకుంటూ కొంచెం కొంచెంగా విడదీయాలి. గడ్డకూ మెదడుకూ మధ్య లౌతికళ ఉంటుందన్నాను కదా. ఆ సాలెగూడు పొర చెడకుండా ఉంటే, ఉల్లిపొరలు విడినట్లు విడిపోతుంది. ఇంతసేపూ ముఖం కండరాలకు తీగలు పెట్టి నాడి పలుకుతోందా లేదా అని యంత్రంలో వింటూ ఉంటారు.

కొన్ని గడ్డలు ఏళ్ళ తరబడి ఒత్తి ఒత్తి లౌతికళను తినేసి, మృద్వికే అతుక్కుంటాయి. కాండం మీది వెంట్రుకల్లాంటి రక్తనాళాలు అప్పుడు గడ్డలోనే కలిసిపోయి ఉంటాయి. అక్కడ గీరితే ఒక్క సన్న కొమ్మ తెగినా చాలు, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవచ్చు, మింగడం పోవచ్చు, తెలివే రాకపోవచ్చు. బయటికి చూస్తే మిగిలింది వేలిగోరంత పెచ్చు. ఇంత తీసినవాళ్ళం ఇంకొంచెం తీయలేమా అనిపించే ఘడియ అదే. పొద్దున మొదలైన ఆపరేషను దీపాలు పెట్టాక ముగిసింది. డాక్టరు గారు మాస్కు కిందికి లాగి, 'చాలావరకు తీశాం. కాండానికి అంటుకున్న పలచటి పెచ్చు ఒకటి ఉంచేశాను' అన్నారు. ఉంచేశాను అన్నారు, ఉండిపోయింది అనలేదు. అప్పుడు నేను ఆ తేడా గమనించలేదు.

ఆ రాత్రి టీ బంకు దగ్గర నాన్న గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. 'తుంగ పీకినట్టు పీకారమ్మా' అన్నాడు. 'పైన పీకి దుంప ఉంచితే ఏం లాభం? వానపడితే లేవదూ?' మిర్చి అమ్మిన డబ్బూ, అమ్మ గాజులూ ఆ ఆసుపత్రిలో పెట్టిన మనిషి మాట అది. నేను బోటనీ చదువుతున్నానే గాని ఏం చెప్పాలో తోచలేదు.

సెలవులయ్యాక లైబ్రరీలో పడ్డాను. మొదట దొరికింది నాన్న పక్షానే మాట్లాడింది. ఆస్ట్రేలియాకు చెందిన డోనాల్డ్ సింప్సన్ ఇంగ్లండులో పనిచేస్తూ 1957లో ఒక లెక్క ప్రకటించాడు. గడ్డతో పాటు అది పట్టిన పొరనూ చెడిన ఎముకనూ తీసేస్తే నూటికి తొమ్మిదిమందిలో తిరిగి వచ్చింది. గడ్డంతా తీసి పొరను కాల్చి వదిలితే పంతొమ్మిది. పొరను ముట్టకుండా వదిలితే ఇరవై తొమ్మిది. గడ్డలోనే కొంత మిగిలిస్తే నలభై నాలుగు. మెట్లు ఎక్కినట్లు అంకెలు పెరిగాయి. నేటికీ డాక్టర్లు సింప్సన్ గ్రేడు అనే అంటారు. దీన్ని నాన్నకు చదివి వినిపించడానికి నాకు వారం పట్టింది. దాచడం అన్యాయమనిపించి ఫోనులో చెప్పాను. 'నేనన్నదేగా' అన్నాడు.

కాని ఆ అంకెలను ఇంకొకసారి చూస్తే వేరే సంగతి కనపడుతుంది. అవి స్కాను లేని, మైక్రోస్కోపు లేని రోజుల అంకెలు. ఎంత మిగిలిందో కంటితో చూసి రాసుకున్నవి. అన్నిచోట్ల గడ్డలూ అందులో కలిసి ఉన్నాయి. పైగా, గడ్డలో కొంత మిగిలినవాళ్ళలో కూడా నూటికి యాభై ఆరుమందికి వాళ్ళను గమనించినంతకాలం తిరిగి రాలేదు కదా! తుంగ అయితే అలా ఊరుకుంటుందా? తుంగ దుంపలు నేలలో గొలుసుకట్టుగా ఉంటాయి, ఒకటి మిగిలినా మడంతా పరుచుకుంటుంది. మొదటి గ్రేడు మెనింజియోమా ఏడాదికి సాధారణంగా మిల్లీమీటర్లలో పెరుగుతుంది, కొన్ని పెరగడమే మానేస్తాయి. నెత్తురు దారి కాల్చేసిన పెచ్చు మరీ నిదానం. రెండింటినీ ఒకే గాటన కట్టడం మా నాన్న చేసిన తప్పు. ఎంత మిగిలిందన్నది ఒక్కటే చూసి, తీయబోతే ఏం పోయేదో చూడకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఆ రెండో లెక్క సింప్సన్ అంకెల్లో లేదు. 1980లలో చాలామంది ఈ లోపలి గడ్డలను పూర్తిగా తీయడమే గొప్పగా భావించారు. తీశారు కూడా. ముఖం వాలిపోయి, మింగలేక, గొంతులో గొట్టంతో ఇంటికి పోయినవాళ్ళను చూశాక చాలామంది వెనక్కు తగ్గారు.

వెనక్కు తగ్గడానికి ఇంకొక ధైర్యం కూడా వచ్చింది. స్వీడనుకు చెందిన లార్స్ లెక్సెల్ 1951లోనే ఒక ఊహ చేశాడు. ఒక్కొక్క కిరణం బలహీనంగా ఉండి, అన్నీ ఒకేచోట కలిస్తే ఆ చోటు మాత్రమే దెబ్బతింటుంది కదా అని. 1968లో స్టాక్‌హోమ్‌లో గామా నైఫ్ మొదలైంది. పేరుకు కత్తే గాని కోత లేదు. సుమారు రెండువందల కోబాల్టు కిరణాలు తలచుట్టూ నుంచి వచ్చి గడ్డ దగ్గర కలుస్తాయి. మూడు సెంటీమీటర్లలోపు ఉన్న మొదటి గ్రేడు గడ్డలు దీని తర్వాత పదిమందిలో సుమారు తొమ్మిదిమందిలో ఏళ్ళ తరబడి పెరగకుండా ఉండిపోతున్నాయి. గడ్డ మాయం కాదు, అక్కడే ఉంటుంది, పెరగదు. పెద్ద గడ్డకు దీన్ని వాడితే చుట్టుపక్కల వాచి ప్రమాదం. కాబట్టి కత్తితో గడ్డను చిన్నది చేసి, నాడులు చెడకుండా బయటపడి, మిగిలిన పెచ్చు కదిలితే కిరణాలు వేయడం అన్నది ఒకే చికిత్సలోని రెండు భాగాలు. ఇది చెప్పినప్పుడు నాన్న కాసేపు ఊరుకుని, 'అంటే ఉడకబెట్టిన విత్తనమన్నమాట' అన్నాడు. మా మేడం గారు ఇంతకంటే బాగా చెప్పలేరని నా అభిప్రాయం. మేడం గారు ఏమీ అనుకోరు.

పెద్దత్తకు ఇంతవరకు కిరణాలు అవసరం పడలేదు. ఆపరేషను అయిన రోజు నుంచే దవడ పోటు పోయింది. ఎడమ ముఖం నాలుగు నెలలు వాలిపోయి ఉంది. కన్ను మూతపడక రాత్రిళ్ళు మందు వేసి టేపు అంటించేవాళ్ళం. ముఖం నిదానంగా సర్దుకుంది. నవ్వినప్పుడు మాత్రం కొంచెం తేడా తెలుస్తుంది. రెండుగా కనపడటం తగ్గింది. చెవి తిరిగి రాలేదు, రాదని డాక్టరు గారు ముందే చెప్పారు. గట్టు మీద ఇప్పుడు చేతికర్రతో నడుస్తుంది, గంప మా వదిన మోస్తుంది. మొదటి ఏడాది స్కానులో పెచ్చు తొమ్మిది మిల్లీమీటర్లు. రెండవ ఏడాదీ తొమ్మిదే. ఇలా ఎన్నేళ్ళు తీయించాలి అని నాన్న అడిగితే, 'అయిదేళ్ళు ఏడాదికొకసారి, తర్వాత కొంచెం ఎడంగా, కాని మానకూడదండీ' అన్నారు. ఫిల్ములన్నీ నాన్న బీరువాలో పట్టాదారు పాసుపుస్తకాల కింద పెట్టాడు. ఎవరైనా చుట్టాలు వస్తే తీసి వెలుతురుకు పట్టి, తొమ్మిది మిల్లీమీటర్లు ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తాడు. సగంసార్లు తప్పు చోటే చూపిస్తాడు.

మూడవ స్కాను మిర్చి కోతలయ్యాక. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు పెద్దత్తను చెవి గురించి అడిగాను. 'దానికేమే, కుడివైపు తిరిగి పడుకుంటే మీ మామయ్య గురక వినపడదు' అంది.